తొక్కి చూడకుండా కొంటావా?

మా ఇంట్లో ఒక బట్టల దండెం ఉంది. ధర 14,999 రూపాయలు. ఆరు నెలల ఈఎంఐలో తీసుకున్నా. దానికి సీటుంది, పెడల్స్ ఉన్నాయి, గుండె ఎంత కొట్టుకుంటోందో చూపించే చిన్న స్క్రీన్ కూడా ఉంది. అవేవీ అమ్మకి అక్కర్లేదు. హ్యాండిల్ మీద రెండు తువ్వాళ్ళు, సీటు మీద నాన్న లుంగీ, పెడల్‌కి మసిగుడ్డ. వానాకాలంలో ఇంత పనికొచ్చే వస్తువు ఇంట్లో ఇంకోటి లేదంటుంది.

కొన్నప్పుడు దాని పేరు ఎక్సర్‌సైజ్ సైకిల్.

అది నాన్న కోసం కొన్నది. నాన్నని అడక్కుండా కొన్నది. దాని తర్వాత ఇంట్లోకి ఇంకో మెషీన్ వచ్చింది, ఎలిప్టికల్ క్రాస్ ట్రైనర్. దాన్ని ఎంచుకోవడానికి మేమిద్దరం పడ్డ తంటాలే ఇప్పుడు చెప్పబోయేది. మీ ఇంట్లో కూడా మోకాళ్ళ నొప్పులున్న అమ్మో నాన్నో ఉండి, మీ ఫోన్‌లో ఏదో ఒక మెషీన్ కార్ట్‌లో పడి ఉంటే, డబ్బు కట్టే ముందు ఓ పది నిమిషాలు ఆగండి.

నాన్న ఆర్టీసీ డ్రైవరు. నరసరావుపేట డిపోలో 31 ఏళ్ళు చేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు. ఎక్కువ కాలం శ్రీశైలం సర్వీసు. వినుకొండ, దోర్నాల దాటి, ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సెక్కించి, మళ్ళీ దించి ఇంటికొచ్చేవాడు. డ్యూటీ లేని రోజు పొద్దున్నే కాలేజీ గ్రౌండులో ఐదు రౌండ్లు. వాన పడినా ఆ ఐదు రౌండ్లు మాత్రం మానేవాడు కాదు.

రిటైరయ్యాక ఇద్దర్నీ హైదరాబాద్ తీసుకొచ్చేశా. నిజాంపేటలో రెండు బెడ్రూముల ఫ్లాట్, మూడో అంతస్తు. నాకు బాగానే ఉంది. ఇంటి భోజనం, వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో టైముకి టీ. నాన్నకి ఇక్కడ ఎలా ఉంటుందో అంతగా ఆలోచించలేదు. దగ్గర్లో గ్రౌండు లేదు. మా సందు చివర మొదలయ్యే ఫుట్‌పాత్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత పార్క్ చేసిన బైకులు, మిర్చి బజ్జీల బండి, కుక్కలు.

ఒకరోజు పొద్దున వాకింగ్‌కని వెళ్ళినవాడు అరగంటలోనే ఆటోలో తిరిగొచ్చాడు. ఏమైందంటే ఏం లేదన్నాడు. సాయంత్రం అమ్మ ప్యాంటు ఉతకబోతే మోకాలి దగ్గర చిరుగు, రక్తం మరక కనిపించాయి. డివైడర్ ఎక్కబోయి పడ్డాడట. ఎవరో కుర్రాళ్ళు లేపి ఆటో ఎక్కించారట. "వాళ్ళు నన్ను 'తాతా' అన్నారు" అని రెండ్రోజుల తర్వాత అమ్మకి చెప్పాడు. దెబ్బ కంటే అదే ఎక్కువ తగిలినట్టుంది.

అప్పట్నుంచి నాన్న గేటు దాటడం మానేశాడు. పొద్దున్న సోఫా, మధ్యాహ్నం సోఫా, రాత్రి సోఫా. అంతకుముందు టీవీలో వార్తలు చూస్తూ ప్రతి నాయకుణ్ణీ తిట్టేవాడు. ఆ తిట్లు కూడా తగ్గిపోయాయి. "మీ నాన్న మాట తగ్గిపోయిందిరా చిన్నా" అని అమ్మ నాతో అన్నప్పుడు నేను లాప్‌టాప్‌లోంచి తల ఎత్తలేదు.

ఎడమ మోకాలు వాచాక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళా. ఎక్స్‌రే చూసి, గుజ్జు అరుగుతోంది, ఆపరేషన్ దాకా పోలేదు, బరువు తగ్గాలి, తొడ కండరాలు గట్టిపడాలి అన్నారు. 31 ఏళ్ళు క్లచ్ తొక్కడం వల్లేనని నాన్న. వయసు, బరువు అని డాక్టరు. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. బరువు 86 కిలోలు. షుగర్ మూడు నెలల సగటు, అదే హెచ్‌బిఎ1సి, 7.9. కదలకుండా కూర్చోవడమే అన్నిటికంటే ప్రమాదం అని డాక్టరు నాకు విడిగా చెప్పారు.

ఆ రాత్రే ఫోన్‌లో సైకిల్ ఆర్డర్ పెట్టేశా. మూడో రోజుకి ఇంటికొచ్చింది. నాన్న సరిగ్గా పదకొండు రోజులు తొక్కాడు. సీటు గట్టిగా ఉందన్నాడు, నడుం పట్టేస్తోందన్నాడు. సీటు పూర్తిగా పైకి లేపినా ఆయన పొడుగు కాళ్ళకి చాల్లేదు. మోకాలు ఎక్కువ మడవాల్సి వచ్చేది, నొప్పి పెట్టేది. పన్నెండో రోజు దాని మీద మొదటి తువ్వాలు పడింది.

తర్వాత ఫిజియోథెరపీకి తిప్పడం మొదలుపెట్టా. నాన్న ఎలిప్టికల్‌ని మొదటిసారి చూసింది ఆ సెంటర్లోనే. రెండు పెద్ద పెడల్స్, వాటికి కలిసి ముందుకీ వెనక్కీ కదిలే రెండు పొడుగు హ్యాండిల్స్. ఫిజియో ఆయన చేత కింద ఉన్న పెడల్ మీద ముందు కాలు పెట్టించి, కదలని చిన్న హ్యాండిల్ పట్టించి, నెమ్మదిగా ఎక్కించింది. నాలుగు నిమిషాలు చేశాడు. దిగేటప్పుడు నొప్పి అంటాడేమో అనుకున్నా. "నిలబడి బస్సు నడిపినట్టుందిరా" అన్నాడు. పడ్డ రోజు తర్వాత ఆయన మొహంలో నవ్వు చూడటం అదే.

ఎందుకు నొప్పి లేదో ఫిజియో చెప్పింది. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగులోనూ పాదం గాల్లోకి లేచి నేలకి కొట్టుకుంటుంది. ఎలిప్టికల్ మీద పాదం పెడల్ని వదలదు. అందుకే ఆ దెబ్బ ఉండదు. కానీ నిలబడే చేస్తాం కాబట్టి ఒంటి బరువు కాళ్ళ మీదే ఉంటుంది, తొడలు, పిరుదులు పనిచేస్తాయి, హ్యాండిల్స్ పట్టుకుంటే భుజాలు కూడా. "అంకుల్, ఒక కిలో తగ్గితే ప్రతి అడుక్కీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గినట్టు" అంది. నాన్నకి ఆ లెక్క బాగా నచ్చింది. ఇంటికొచ్చేదాకా కారులో అదే గుణించుకున్నాడు. ఐదు కిలోలు తగ్గితే ఇరవై.

నేను మళ్ళీ నా పని మొదలుపెట్టా. ఇంజినీర్ని కదా, ఈసారి పద్ధతిగా చేద్దామనుకున్నా. ఎక్సెల్ షీట్ తెరిచి 17 మోడల్స్, 14 కాలమ్స్ వేశా. నేర్చుకున్నవాటిలో పనికొచ్చేవి మీకూ చెప్తా.

మొదటిది స్ట్రైడ్ పొడవు. ఒక పెడల్ పూర్తిగా ముందుకీ, ఇంకోటి పూర్తిగా వెనక్కీ వెళ్ళినప్పుడు మధ్యలో ఉండే దూరం. అంటే మెషీన్ మీద మీ అడుగు ఎంత పొడుగు అన్నమాట. నేను చూసిన పాతిక వేల లోపు మోడల్స్‌లో ఇది ఎక్కువగా 12 నుంచి 15 అంగుళాల మధ్య ఉంది. జిమ్ముల్లో వాడే పెద్ద మెషీన్లకి 20 దాకా ఉంటుంది.

రెండోది ఫ్లైవీల్. పెడల్ తొక్కితే లోపల తిరిగే బరువైన చక్రం. ఇది సరిగ్గా ఉంటే కదలిక నూనె పోసినట్టు సాగుతుంది, లేకపోతే ప్రతి చుట్టులోనూ ఒక కుదుపు. అందరూ 'ఎన్ని కిలోలు' అనే అడుగుతారు. కానీ తిరిగే చక్రంలో ఉండే శక్తి బరువుతో ఎంత పెరుగుతుందో, వేగంతో అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లు. అందుకే గేరింగ్ బాగున్న 6 కిలోల చక్రం, గేరింగ్ సరిగా లేని 8 కిలోల చక్రం కంటే మెత్తగా ఉండొచ్చు. ఇది పెట్టె మీద రాసి ఉండదు.

మూడోది రెసిస్టెన్స్. మంచివాటిలో అయస్కాంతంతో వస్తుంది. తిరిగే లోహపు చక్రానికి అయస్కాంతాన్ని దగ్గరికి తెస్తే చక్రంలో సుడి ప్రవాహాలు పుట్టి దాన్ని వెనక్కి లాగుతాయి. ఇంటర్ ఫిజిక్స్‌లో రెండు మార్కుల ప్రశ్నకి చదివింది పదేళ్ళ తర్వాత ఇలా ఎదురైంది. చక్రానికి ఏదీ తగలదు కాబట్టి చప్పుడు తక్కువ, అరుగుదల లేదు. నాన్నకి ఇది వివరిస్తే ఒక్క ముక్కలో తేల్చేశాడు. "లైనర్ అరగని బ్రేకన్నమాట."

నాలుగోది ఎంత బరువు మోస్తుందన్నది. 86 కిలోల మనిషికి 90 కిలోల పరిమితి ఉన్న మెషీన్ కొనకూడదు, కనీసం ఇరవై కిలోలైనా అదనంగా ఉండాలి. ఐదోది, మాన్యువల్లో కనిపించే రెండు అక్షరాలు. ఐఎస్ఓ 20957 అని ఇలాంటి మెషీన్లకి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో హెచ్ అంటే ఇంట్లో వాడకానికి, ఎస్ అంటే జిమ్ములాంటి చోట్లకి. పక్కన ఏ, బి, సి అనేది స్క్రీన్ చూపించే అంకెల కచ్చితత్వం. హెచ్‌సి అని ఉంటే ఇంటికి పర్లేదు కానీ అంకెల్ని మరీ నమ్మొద్దని అర్థం.

ఆరోది ఇంటి పైకప్పు. దీన్ని చాలామంది మర్చిపోతారు. ఎలిప్టికల్ ఎక్కితే మనిషి పైకి లేస్తాడు. నాన్న ఎత్తు 178 సెంటీమీటర్లు. పెడల్ పైకొచ్చినప్పుడు నేల నుంచి ఓ 40. ఇంకో 15 ఖాళీ. మొత్తం 233. మా హాల్లో ఫ్యాన్ రెక్కలు 244 దగ్గర తిరుగుతాయి. మిగిలింది 11 సెంటీమీటర్లు. చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తితే చాలు. కాబట్టి ఫ్యాన్ కింద పెట్టకూడదు. బాల్కనీ తలుపు పక్క మూల ఒక్కటే దారి. అక్కడ ఆల్రెడీ అమ్మ దండెం ఉంది.

ఈ పరిశోధనలోనే ఈ మెషీన్ ఎలా పుట్టిందో చదివా. ఇది 1995లో ప్రీకోర్ అనే అమెరికా కంపెనీ ద్వారా మార్కెట్‌లోకొచ్చింది. దీని వెనక ఉన్నది లారీ మిల్లర్ అనే ఇంజినీరు, అంతకుముందు జనరల్ మోటార్స్‌లో చేసినాయన. 1980ల్లో తన కూతురు పరిగెడుతుంటే పక్కనే కారులో వెళ్తూ వీడియో తీశాడని, ఆ వీడియోలో పాదం కదిలే దారిని చూసే ఈ ఆలోచన పట్టుకున్నాడని చెప్తారు. నాకు భలే నచ్చి నాన్నకి చెప్పా.

"కారు నడుపుతా వీడియో తీశాడా? లైసెన్సు పీకెయ్యాలి" అన్నాడు.

చివరికి షీట్‌లో ఒక మోడల్ గెలిచింది. 8 కిలోల ఫ్లైవీల్, 16 లెవెల్స్, బ్లూటూత్, యాప్, 24,000 రూపాయలు. రాత్రి పన్నెండింటికి ఆఫర్ అయిపోతోంది. పదకొండున్నరకి హాల్లో కూర్చుని కార్డు నంబరు కొడుతుంటే నాన్న మంచినీళ్ళకి లేచొచ్చాడు.

"తొక్కి చూడకుండా కొంటావా?"

"రివ్యూలన్నీ చదివా నాన్నా. 4.3 ఉంది."

"ఎవరి కాళ్ళతో తొక్కి ఇచ్చారు?"

నా షీట్‌లో 14 కాలమ్స్ ఉన్నాయి. నాన్న కాళ్ళ కాలమ్ లేదు. ఆయన ఎత్తుని పైకప్పు లెక్కకి వాడుకున్నా కానీ, ఆ కాళ్ళకి ఎంత అడుగు కావాలో కొలవలేదు. ఆఫీసులో ఎవరైనా యూజర్ని అడక్కుండా ప్రోడక్ట్ కడితే మీటింగ్‌లో అరిచే మొదటివాణ్ణి నేనే. లాప్‌టాప్ మూసేశా.

శనివారం ఇద్దరం షాపులకి బయల్దేరాం. నాన్న వాకింగ్ బూట్లు వేసుకున్నాడు. పడ్డ రోజు తర్వాత ఆ బూట్లు బయటికి రావడం అదే మొదలు. జేబులో కొలతల టేపు.

మొదటి షాపులో నా షీట్‌లో గెలిచిన మోడలే ఉంది. నాన్న ఎక్కలేదు. ముందు దాని చుట్టూ ఒక రౌండు తిరిగాడు. డిపోలో బండి తీసే ముందు టైర్లు చూసుకుంటూ తిరిగినట్టు. హ్యాండిల్ పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. వంగి, పెడల్ చెయ్యి అతుక్కునే చోట వేళ్ళు పెట్టి కదిలించాడు.

"ప్లే ఉంది. బుష్‌లు లూజు."

"డిస్‌ప్లే పీస్ అంకుల్, రోజూ యాభై మంది ఎక్కుతారు" అన్నాడు షాపు కుర్రాడు.

"యాభై మంది ఎక్కితే లూజైంది, నేను యాభై వారాలు ఎక్కితే?"

తర్వాత ఎక్కాడు. నన్ను మాట్లాడొద్దని చెప్పి, కళ్ళు మూసుకుని చప్పుడు విన్నాడు. ముందుకి తొక్కాడు, వెనక్కి తొక్కాడు. రెండు నిమిషాలకే దిగేశాడు.

"ఇది నడక కాదురా. మెట్లెక్కడం."

అప్పుడు అర్థమైంది. దాని స్ట్రైడ్ 13 అంగుళాలు. పొడుగు కాళ్ళవాళ్ళకి అడుగు చాలకపోతే కాలు ముందుకీ వెనక్కీ కాకుండా పైకీ కిందికీ పోతున్నట్టు ఉంటుంది, మోకాలు ఎక్కువ మడవాల్సి వస్తుంది. సైకిల్ దగ్గర వచ్చిన ఇబ్బందే ఇది. అదే మెషీన్ మీద నేను అమ్మని ఊహించుకున్నా. ఐదడుగుల మనిషి, ఆమెకి సరిగ్గా సరిపోతుందేమో. మెషీన్ చెడ్డది కాదు. నాన్నది కాదు, అంతే.

మూడు షాపులు తిరిగాం. ఒకచోట పెడల్స్ మరీ ఎడంగా ఉన్నాయి, కాళ్ళు పంగలాచి నడిచినట్టుందన్నాడు. ఇంకోచోట ఎక్కడానికే పెడల్ చాలా ఎత్తు. మూడో షాపులో ఒక నల్ల మెషీన్ ఎక్కి ఐదు నిమిషాలు దిగలేదు. స్ట్రైడ్ 18 అంగుళాలు. చప్పుడు లేదు, ఊగలేదు. స్క్రీన్ మాత్రం పాత కాలిక్యులేటర్‌లా ఉంది. బ్లూటూత్ లేదు. నా షీట్‌లో దానికి పదకొండో ర్యాంకు.

నాన్న కిందికి దిగి అడిగిన ప్రశ్నలు నా 14 కాలమ్స్‌లో ఒక్కదాంట్లోనూ లేవు. "బేరింగు పోతే ఎవరొస్తారు? ఎన్ని రోజుల్లో? పార్టు మీ దగ్గరుంటుందా, బయట్నుంచి తెప్పిస్తారా? వారంటీ ఫ్రేముకా, అరిగే సామాన్లకి కూడానా? బిగించేది మీ మనిషేనా?" కుర్రాడు ఓనర్ని పిలిచాడు.

ధర 58,000. బేరమాడితే 54,000 దగ్గర ఆగింది. నేను అనుకున్నదానికి రెట్టింపు పైనే. అయినా కార్డు తీశా. తిరిగి చూస్తే నాన్న లేడు. బయట మెట్ల మీద కూర్చున్నాడు.

"వద్దులేరా. పోదాం పద."

"బాగుందన్నావుగా?"

"యాభై నాలుగు వేలు. నేను రిటైరయ్యేనాటికి చేతికొచ్చే జీతం అంత లేదు."

నాకు కోపం వచ్చింది. నీ మోకాలి కంటే ఎక్కువా, డబ్బు నాది కదా, అని ఏదో అన్నా. నాన్న కాసేపు రోడ్డు మీద బస్సుల్ని చూస్తూ ఊరుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు.

"సైకిల్ ఎందుకు మానేశానో తెలుసా?"

"సీటు నొప్పి అన్నావు."

"అదొకటి. రోజూ ఆఫీసు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా 'తొక్కావా నాన్నా, ఎన్ని నిమిషాలు' అని అడిగేవాడివి. బస్సాపి టిక్కెట్లు చూసే చెకింగు వాళ్ళు అడిగినట్టు. నీ డబ్బులు, నీ బండి, నేను డ్యూటీ చెయ్యాలి. ఎక్కబుద్ధి కాలేదు."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. నేను ప్రేమతోనే అడిగా. కానీ ఒక్కసారి కూడా 'నొప్పి ఎలా ఉంది' అని అడిగినట్టు గుర్తు రాలేదు. నిమిషాలే అడిగా.

"సగం నేనిస్తా" అన్నాడు. "నాది సగం ఉంటే నా బండి. అప్పుడు నా ఇష్టం వచ్చినప్పుడు ఎక్కుతా. నువ్వు అడక్కూడదు."

ఫోన్ తీసి, మెల్లగా, ఒక్కో అంకె చూసుకుంటూ 27,000 నాకు పంపించాడు. ఇద్దరం లోపలికెళ్ళాం.

మెషీన్ వచ్చిన రోజు ఇంట్లో పెళ్ళి సందడి. పెట్టె అరవై కిలోల పైనే. లిఫ్టులో అడ్డంగా పట్టక నిలువుగా ఎక్కించారు. కింద ఫ్లాట్‌వాళ్ళకి చప్పుడు వెళ్ళకుండా మందంగా ఉన్న రబ్బరు మ్యాట్ వేశాం. బిగించేవాడి పక్కనే నాన్న స్టూలేసుకుని కూర్చుని ప్రతి నట్టూ తనే మళ్ళీ స్పానర్ పెట్టి చూసుకున్నాడు. బట్టల దండెం బాల్కనీలోకి మారింది. దానికి ఎండ కూడా దొరికిందని అమ్మ సంతోషించింది.

గుండె డాక్టరుకి ఒకసారి చూపించుకుని, సరే అన్నాకే మొదలుపెట్టాం. మొదటి వారం రోజుకి మూడు నిమిషాలు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఫిజియో ఒక సులువైన గుర్తు చెప్పింది. చేస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట పాడగలుగుతున్నారంటే వేగం చాల్లేదు, మాట రావట్లేదంటే ఎక్కువైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. 65 దాటినవాళ్ళయితే వాటితో పాటు వారానికి మూడు రోజులు బ్యాలెన్స్ వ్యాయామాలు కూడా. నాన్నకి 63. అక్కడిదాకా ఒకేసారి పోనక్కర్లేదు, ఏమీ చెయ్యకపోవడం కంటే ఎంత చేసినా మేలే అంది.

నాన్న తనకో లాగ్ షీట్ తయారుచేసుకున్నాడు. పాత డైరీలో స్కేలు పెట్టి గళ్ళు గీశాడు. తేదీ, ఎక్కిన టైము, దిగిన టైము, లెవెల్, మోకాలి నొప్పి పదికి ఎంత. స్క్రీన్ మీద క్యాలరీలు రాసుకోవా అంటే, "నా బరువెంతో అది అడగనే లేదు, దానికేం తెలుసు?" అన్నాడు. నిజమే. హ్యాండిల్ పట్టుకుంటే వచ్చే గుండె వేగం కూడా చేతులు కదులుతుంటే అటూ ఇటూ అవుతుంది.

నాన్నకి సర్వీసులో కేఎంపీఎల్ అవార్డు వచ్చింది. లీటరు డీజిల్‌కి ఎక్కువ కిలోమీటర్లు తెచ్చే డ్రైవర్లకిచ్చేది. ఆ ఫొటో ఇప్పటికీ హాల్లో ఉంది. మెషీన్ మీద తొక్కుతూ దాన్ని చూసి నవ్వుకుంటాడు. "31 ఏళ్ళు తక్కువ డీజిల్‌తో ఎక్కువ దూరం పొమ్మన్నారు. ఇప్పుడేమో దూరం పోకుండా డీజిల్ తగలెయ్యమంటున్నారు."

నేను మాట ప్రకారం అడగలేదు. కానీ రాత్రిళ్ళు ఆయన పడుకున్నాక డైరీ తీసి చూసేవాణ్ణి. నాలుగో వారంలో ఒక పేజీలో ఎర్ర పెన్నుతో ఒకే మాట రాసుంది. 'బ్రేక్‌డౌన్'. ఎవరికీ చెప్పకుండా లెవెల్ మూడు నుంచి ఒకేసారి ఆరుకి పెంచాడు. మోకాలు వాచింది. కింద ఐదు రోజుల గళ్ళలో 'బండి షెడ్డులో'. ఆ ఐదు రోజులూ నేను భయపడ్డా, ఇంకో దండెం వచ్చేసిందని. ఆరో రోజు పొద్దున ఆరింటికి హాల్లోంచి మెత్తటి చప్పుడు వినిపించింది. లెవెల్ రెండు, ఐదు నిమిషాలు.

ఇప్పటికి నాలుగు నెలలు. రోజుకి ఇరవై, పాతిక నిమిషాలు చేస్తున్నాడు. మధ్యలో ఒక రోజు విశ్రాంతి. తొడలకి ఫిజియో చెప్పిన వ్యాయామాలు విడిగా చేస్తాడు, ఎందుకంటే మెషీన్ ఒక్కటే అన్నీ చెయ్యదు. బరువు 82.5. ఫిజియో లెక్కలో అడుక్కి 14 కిలోలు తగ్గినట్టని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్తున్నాడు. హెచ్‌బిఎ1సి 7.1. మందులు అవే ఉన్నాయి, రాత్రి అన్నం బదులు రెండు జొన్నరొట్టెలు. మోకాలు కొత్తది రాలేదు. మెట్లు దిగేటప్పుడు ఇంకా రెయిలింగ్ పట్టుకుంటాడు. చలిగా ఉన్న రోజు నొప్పి అంటాడు. కానీ పోయిన నెల్లో ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి సోఫా ఖాళీగా ఉంది. సందు చివర బజ్జీల బండి దగ్గర నిలబడి, ఎవరితోనో గట్టిగా రాజకీయాలు వాదిస్తున్నాడు.

మొన్న ఆదివారం మెషీన్ దిగి, చెమట తుడుచుకుంటూ నా వైపు చూశాడు.

"నువ్వెప్పుడు ఎక్కుతావురా? సగం నీదేగా."

ఆఫీసు హెల్త్ చెకప్‌లో నాకు ఫ్యాటీ లివర్ అని వచ్చిన సంగతి ఇంట్లో చెప్పలేదు. కానీ ఆయన రిపోర్టు చూసినట్టున్నాడు. నేను డైరీ చూస్తే, ఆయన నా ఫైలు చూస్తాడు కదా. ఎక్కా. ఆరో నిమిషానికి మాట రావడం మానేసింది. 28 ఏళ్ళు నాకు.

నాన్న ఏమీ అనలేదు. డైరీ తీసి, స్కేలు పెట్టి, తన గళ్ళ పక్కన ఇంకో వరస గీశాడు. పైన నా పేరు రాశాడు. ఇవాళ్టికి అందులో నాలుగు ఎంట్రీలు ఉన్నాయి. ఆఫీసు నుంచి రాగానే చేశావా అని ఆయన నన్ను ఇంతవరకూ అడగలేదు.